మామ్మ పాత పెంకుటిల్లు నమూనా చేస్తున్నాను, కప్పు దగ్గర ఆగిపోయాను, సాయం చెయ్యండి

కాశీనగరం మనవడు

అందరికీ నమస్కారం. మాది గజపతి జిల్లా కాశీనగరం, ఇప్పుడు ఉద్యోగం మీద గుణుపురంలో ఉంటున్నాను. మా మామ్మకి సంక్రాంతి వెళ్ళాక ఎనభై నిండుతాయి, ఆవిడ కాపరానికి వచ్చిన ఇల్లు చిన్న నమూనాగా చేసి చేతిలో పెడదామని మూడు నెలలుగా రాత్రిళ్ళు కూర్చుంటున్నాను. ఆ ఇల్లు ఇప్పుడు లేదండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి సగం పెంకులు లేచిపోయాయి, వెనకవైపు మట్టిగోడ నానిపోయి కూలిపోయింది, మరుసటేడు మొత్తం విప్పేసి స్లాబు వేసేశాం. మిగిలింది ఒకే ఒక్క ఫోటో, మా అత్త పెళ్ళికి వీధిలోంచి తీసింది, ముందువైపు బాగానే కనపడుతుంది గానీ పక్కది సగమే ఉంది.

అడుగుకి అర అంగుళం లెక్కన చేస్తున్నాను, అంటే 1:24. గోడలు కుదిరాయి, అట్టపెట్టె మీద ఫెవికాల్ కలిపిన మన్ను పూసి సున్నం కొడితే అచ్చం మా ఇంటి గోడే, మా అమ్మ చూసి కాసేపు చెయ్యి తియ్యలేదు. అరుగులు కూడా అయిపోయాయి. కప్పు దగ్గరే ఎటూ తేలట్లేదు. నడిమింటికి గూనపెంకులు, ముందు వసారాకి బెంగుళూరు పెంకులు, పక్కన ఆవుల సాలకి గడ్డి, పెరట్లో స్నానాల గదికి రేకులు, అంటే ఒకే ఇంటికి నాలుగు రకాలు.

చేసి చూసినవి చెప్తాను. కొరియర్ అట్టపెట్టె పైకాగితం పీకేసి ఆ గాళ్ళ మీద ఎర్ర రంగు వేశాను, రేకుల షెడ్డుకి ఎరుపు కొట్టినట్టు వచ్చింది తప్ప పెంకులా లేదు, పైగా పొద్దున్న లేచి చూసేసరికి అప్పడంలా వంకర తిరిగిపోయింది. తర్వాత జ్యూస్ స్ట్రాలు నిలువుగా చీల్చి అతికించాను, ఆకారం వచ్చింది గానీ గోరు తగిలితే రంగు పెచ్చులుగా ఊడి వచ్చేస్తోంది.

ఇంకో మాట, రంగు, జిగురు తప్ప బయట ఏదీ కొనకూడదని నియమం పెట్టుకున్నాను. మా మామ్మ పెళ్ళి శుభలేఖలు, మందుల అట్టలు, చీపురు పుల్లలు ఏదీ పారేసేది కాదు, అన్నీ ఇనప్పెట్టె పక్కన డబ్బాలో ఉంచేది. ఆ ఇంట్లో దొరికే వస్తువులతోనే ఆ ఇల్లు కట్టాలని నాకు గట్టిగా ఉంది. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

బరంపురం డ్రాయింగు మాస్టారు

బాబూ, చాలా మంచి పని పెట్టుకున్నావు. నేను ముప్పై ఏళ్ళు పిల్లలకి డ్రాయింగు చెప్పాను, రిటైరయ్యాక మా వీధిలో పాత ఇళ్ళు ఒక్కొక్కటే పోతుంటే వాటి నమూనాలు చేసి పెడుతున్నాను, ఇప్పటికి ఆరు చేశాను. నా అనుభవంలో తేలింది ఒక్కటే, కప్పుని ఒక పలకలాగ చేసి దాని మీద గీతలు పెడితే ఎన్నటికీ కప్పులా కనపడదు. అసలు ఇల్లు ఎలా నేశారో నువ్వు కూడా అలాగే నెయ్యాలి, చూరు దగ్గర మొదలెట్టి ఒక్కో వరస మీద ఇంకో వరస ఎక్కిస్తూ కొప్పు దాకా. అప్పుడు ప్రతి పెంకు కింద పడే ఆ సన్న నీడ దానంతట అదే వస్తుంది, ఆ నీడ వల్లే అది పెంకని కన్ను నమ్ముతుంది.

మొదట ఫోటో పెద్దది చేయించుకుని వసారా మీద బెంగుళూరు పెంకులు ఎన్ని వరసలున్నాయో లెక్కపెట్టు. మనం బెంగుళూరు పెంకు అంటాం గానీ అది మంగుళూరు పెంకు, 1865లో బాసెల్ మిషన్ వాళ్ళు మంగుళూరులో పెట్టిన ఫ్యాక్టరీతో మొదలైంది, అచ్చులో నొక్కి కాల్చేది కాబట్టి ఎక్కడ చూసినా కొలత ఇంచుమించు ఒకటే ఉంటుంది. పొడవు 16 అంగుళాలు, వెడల్పు తొమ్మిదింపావు పైన, ఒకదాని మీద ఒకటి ఎక్కాక బయటికి కనపడేది 12న్నర అంగుళాలు. అంటే వరసకి అడుగు చొప్పున వేసుకో. ఎనిమిది వరసలుంటే వసారా కప్పు వాలు ఎనిమిదడుగుల పైచిలుకు అన్నమాట. అడ్డంగా ఎన్ని పెంకులో లెక్కపెడితే వసారా పొడవు వచ్చేస్తుంది, ఒక్కోటి ఎనిమిదింపావు అంగుళాలు కనపడుతుంది. ఇల్లు లేకపోయినా ఫోటోలో పెంకులే నీకు టేపు. దాన్నిబట్టి తలుపు ఎత్తు, స్తంభం ఎత్తు కూడా సరిచూసుకో, గోడలు కట్టేశానన్నావు కదా, తేడా ఉంటే ఇప్పుడే తెలుస్తుంది.

గూనపెంకుకి ఈ లెక్క పనిచెయ్యదు. అది కుమ్మరి సారె మీద గొట్టంలాగ తీసి, ఒక పక్క లావు ఒక పక్క సన్నం ఉండేట్టు చేసి, పచ్చిగా ఉన్నప్పుడే నిలువునా రెండు చేసేది. ఊరు మారితే కొలత మారుతుంది. మీ పెరట్లో ఎక్కడైనా పాత పెంకు ముక్క పడి ఉంటుంది వెతుకు. మా ఇంట్లో ఉన్నది కొలిస్తే 9 అంగుళాల పొడవు, లావు వైపు నాలుగున్నర, సన్నం వైపు మూడున్నర. నీ లెక్కలో అది తొమ్మిదిన్నర మి.మీ. పొడవు, అయిదు మి.మీ. కన్నా కొంచెం తక్కువ వెడల్పు.

చెయ్యడం ఇలాగ. శుభలేఖ అట్ట వద్దు, అది వంచితే విరుగుతుంది. పాత నోటుపుస్తకాల బ్రౌను అట్ట కవరు గానీ కిరాణా కొట్టు ఖాకీ సంచి గానీ తీసుకో. తొమ్మిదిన్నర మి.మీ. వెడల్పు పట్టీలు కొయ్యి. ఒక్కో పట్టీని ముక్కలు చేసేటప్పుడు కత్తెర కొంచెం వాలుగా ఒకసారి ఇటు ఒకసారి అటు పెడితే ప్రతి ముక్కా ఒక వైపు వెడల్పు ఒక వైపు సన్నం వస్తుంది, కాగితం కూడా వృథా పోదు. పల్చటి గంజిలో ముంచి, స్వెటర్ అల్లే సూది, 4 మి.మీ.ది, దాని మీద వరసగా కప్పి దారం చుట్టి ఆరనియ్యి. గంజి ఆరాక ఆ వంపు ఇక విప్పుకోదు. ఒక్క సూది మీద పది పెంకులు పడతాయి, మా ఇంట్లో నాలుగు సూదులు పెట్టుకుని టీవీ చూస్తూ రోజుకి రెండు వందలు చేసేవాణ్ణి.

నడిమిల్లు 20 అడుగుల పొడవు, వాలు 12 అడుగులు అనుకుంటే రెండు వైపులా కలిపి పైపెంకులే రెండు వేల దాకా కావాలి. భయపడకు. వెల్లకిలా ఉండే కింది పెంకులన్నీ చెయ్యక్కర్లేదు, అవి ఎలాగూ కనపడవు, నిలువు పట్టీలు దోనెలాగ వంచి చూరు నుంచి కొప్పు దాకా ఒకటే పరిచెయ్యి. చూరు దగ్గర మొదటి వరసకి మాత్రం కింది పెంకులు కూడా విడిగా చెయ్యి, మీ మామ్మగారు నమూనాని కళ్ళ ఎత్తున పెట్టుకుని చూస్తారు కదా, ముందు కనపడేది ఆ చూరే.

ఇంకోటి మర్చిపోయాను, కొప్పు గీత స్కేలు పెట్టినట్టు తిన్నగా పెట్టకు. తాటి వాసాల ఇల్లు యాభై ఏళ్ళకి మధ్యలో కొంచెం కుంగుతుంది, నడుమ 2 మి.మీ. దించు, అంతకన్నా ఎక్కువైతే పడిపోయే ఇల్లులా ఉంటుంది.

చిన్నగేజి బండి (పర్లాకిమిడి)

మాస్టారు పెంకుల సంగతి చెప్పేశారు కాబట్టి నేను రేకుల మీదే రాస్తాను. నాది రైలు పిచ్చి, మా నౌపడా లైను, 1900లో పర్లాకిమిడి దాకా వేసింది, 1931కి గుణుపురం చేరింది, రెండున్నర అడుగుల గేజి, 2004లో ఆ చిన్న బండి ఆగిపోయింది. ఆ లైను మీది స్టేషన్లు, గూడ్సు షెడ్లు చేస్తుంటాను, అందుకని రేకుల మీద చాలా అట్టపెట్టెలు పాడుచేశాను.

బ్రదర్ ముందు మీ స్నానాల గదిది ఏ రేకో మీ నాన్నగారిని అడుగు. జింకు రేకైతే ఒక గాడి నుంచి ఇంకో గాడికి 75 మి.మీ., సిమెంటు రేకైతే 146 మి.మీ. ఉంటుంది, దాదాపు రెట్టింపు. నీ స్కేల్లో జింకు రేకు 3 మి.మీ., సిమెంటు రేకు 6 మి.మీ. ఇప్పుడు నీ ఇంట్లో ఉన్న అట్టపెట్టెలు చూడు. ఫోను, మిక్సీ లాంటి వాటికి వచ్చే పల్చటి అట్టలో గాళ్ళు మూడు మూడున్నర మి.మీ. దూరంలో ఉంటాయి, జింకు రేకుకి అదే సరిపోతుంది. కొంచెం మందంగా 3 మి.మీ. ఉండే అట్టలో ఆరు, ఆరున్నర దూరం, అది సిమెంటు రేకు. కొరియర్ పెట్టెలు చాలావరకు ఇంకా మందం, వాటి గాళ్ళు 8 మి.మీ. దగ్గర ఉంటాయి, నువ్వు వాడింది అదే అయ్యుంటుంది. నీ కంటికి ఏదో తేడాగా ఉందని అనిపించింది అందుకే, అది ఏ రేకుకీ సరిపోని కొలత.

పైకాగితం చేత్తో పీకితే చిరుగుతుంది. ముక్కని పళ్ళెంలో నీళ్ళు పోసి ఒక నిమిషం నానబెట్టు, జిగురు వదిలి తనే లేచి వస్తుంది, గాళ్ళు నొక్కుకుపోకుండా నీడలో ఆరబెట్టు. సిమెంటు రేకుకి అదే చాలు. జింకు రేకుకి మాత్రం నేను ఆ అట్టని అచ్చుగా వాడతాను. బిర్యానీ పార్సిల్ వచ్చే అల్యూమినియం డబ్బా అడుగు కోసి, శుభ్రంగా కడిగి, ఆ గాళ్ళ మీద పెట్టి ఇంకు అయిపోయిన పెన్ను రీఫిల్లుతో గాడి గాడీ నొక్కుకుంటూ పోవాలి, మధ్యలోంచి మొదలెట్టి బయటికి, రెండు చివర్ల నుంచి లాక్కొస్తే చినుగుతుంది. కూల్ డ్రింకు డబ్బా రేకు కూడా పనికొస్తుంది, గట్టిగా ఉంటుంది గానీ అంచు బ్లేడులాంటిది, నాకు వేలు తెగి మూడు కుట్లు పడ్డాయి, తోలు గ్లోవు లేకుండా ముట్టుకోకు. పైన ఉన్న పూత సాండు పేపరుతో గీకెయ్యాలి, లేకపోతే నీ స్ట్రాల మీద రంగులాగే ఇదీ ఊడిపోతుంది.

కప్పు మొత్తానికి ఒకే రేకు పరచకు. నిజం జింకు రేకు వెడల్పు మామూలుగా మూడడుగుల లోపే, అంటే నీకు అంగుళంన్నర కన్నా తక్కువ. అలా ముక్కలు కోసి ఒకదాని మీద ఒకటి ఒక గాడి ఎక్కించి అతికిస్తేనే రేకులా ఉంటుంది. తుప్పుకి, స్టీలు గిన్నెలు తోమే పీచు ఉంటుంది కదా, ఇనపది, అది ఉప్పునీళ్ళలో వేసి వదిలేస్తే నాలుగు రోజుల్లో అడుగున ఎర్రమడ్డి దిగుతుంది, అది నిజం తుప్పే, ఫెవికాల్ నీళ్ళలో కలిపి మేకులు కొట్టే చోట, చివర అంచున బ్రష్షుతో తాకించు. స్టెయిన్‌లెస్ పీచుకి తుప్పు పట్టదు, చూసుకుని తీసుకో.

ఒక్క విషయం మటుకు గట్టిగా చెప్తున్నా, నిజంగా ఉండాలని పాత సిమెంటు రేకు ముక్క అరగదీసి పొడి చల్లే పని పెట్టుకోవద్దు. దాంట్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే ఇక బయటికి రాదు. బూడిదరంగు, సుద్దపొడి కలిపితే అదే రూపు వస్తుంది.

రాయగడ అక్క

తమ్ముడూ చదువుతుంటే మా అమ్మమ్మ వాళ్ళ సాల గుర్తొచ్చింది. గడ్డి సంగతి నేను చెప్తాను, నేను స్కూలు పిల్లలకి గుడిసెలు చేయిస్తుంటాను.

వరిగడ్డి మటుకు వాడకు. అందరూ చేసే తప్పే అది, నిజం గడ్డి కదా బాగుంటుందనుకుంటారు. వరిగడ్డి పోచ 3 మి.మీ. లావుంటే నీ స్కేల్లో అది మూడు అంగుళాల లావు దుంగ లెక్క, సాల మీద గెడలు పరిచినట్టుంటుంది. కొబ్బరి పీచు తీసుకో, పోగు పావు మి.మీ. ఉంటుంది, 24తో హెచ్చిస్తే ఆరు మి.మీ., కంటికి గడ్డిలాగే ఆనుతుంది. అంతకన్నా సన్నం కావాలంటే పాత గోనెసంచి దారాలు విప్పి దువ్వు. మన వైపు కొండచీపుర్లు దొరుకుతాయి కదా, అరిగిపోయిన చీపురు పడెయ్యకుండా ఆ పైన కుచ్చు కత్తిరించుకో, చూరు వరసకి అది ఎంత బాగుంటుందో, సన్నగా కిందికి వాలుతుంది.

పీచు రెండంగుళాల ముక్కలు చేసి, చిటికెడు చిటికెడు తీసి ఒక కొస మాత్రం ఫెవికాల్‌లో ముంచి చిన్న కట్టలు చెయ్యి. చూరు దగ్గర మొదటి వరస, దాని మీద మూడొంతుల్లో రెండొంతులు కప్పేట్టు రెండో వరస. అసలు సాల కప్పు జానెడు మందం ఉంటుంది, నీకు ఒక సెంటీమీటరు రావాలి, పల్చగా పెడితే విగ్గులా ఉంటుంది. మొత్తం అయ్యాక చూరుని కత్తెరతో ఒక్కసారే కత్తిరించు, అడ్డంగా కోసిన ఆ మందం కనపడాలి. పైన అగరబత్తి పుల్లలు చీల్చి వెదురు దబ్బల్లాగ వేసి దారంతో కట్టు, గాలికి లేవకుండా మనవాళ్ళు కట్టేవారు కదా. నిజానికి అగరబత్తి పుల్ల కూడా వెదురే.

రంగు వెయ్యకు, టీ డికాషన్ చిక్కగా కాచి అందులో ముంచి ఎండలో పెట్టు. కొత్త గడ్డి నెల రోజులే బంగారంలా ఉంటుంది, ఒక్క వాన పడిందంటే బూడిదరంగు తిరుగుతుంది. పసుపు వాడతారు కొందరు, అది ఎండ తగిలితే వెలిసిపోతుంది, వద్దు.

మీ సాల మీద గుమ్మడి పాదు ఉండేదా? ఉంటే చెప్పు, ఆకులు ఎలా చెయ్యాలో రాస్తాను.

జయపురం నుంచి

గంజి, మైదా జిగురు వాడేవాళ్ళు జాగ్రత్త, మా నాన్నగారు చేసిన గుడి నమూనా రెండేళ్ళలో పురుగు తినేసింది. పుస్తకాలు బైండింగు చేసేవాళ్ళు జిగురు ఉడికేటప్పుడు చిటికెడు మైలుతుత్తం వేస్తారు, అది వేస్తే పురుగు రాదు. విషం కాబట్టి వంటగిన్నెలో ఉడకబెట్టకండి, వేరే డబ్బా పెట్టుకోండి, చిన్నపిల్లలుంటే ఫెవికాలే మేలు.

కాశీనగరం మనవడు

మాస్టారూ, అక్కా, అన్నా, అందరికీ చేతులెత్తి దండం. నేను రెండు వాక్యాలు జవాబొస్తే చాలనుకున్నాను.

ఫోటో పెద్దది చేయించాను. వసారా మీద ఏడు వరసలు, అడ్డంగా ఇరవై ఏడు పెంకులు. లెక్క వేస్తే నేను కట్టిన వసారా రెండు అంగుళాలు పొడుగైంది, అంటే అసలు ఇంట్లో నాలుగడుగులు. మా అమ్మ మొదట్నుంచీ అంటూనే ఉంది, వసారా ఇంత పెద్దది కాదురా, రెండు మంచాలు వేస్తే దారి ఉండేది కాదని. గోడ విప్పి మళ్ళీ కడుతున్నాను. జింకు రేకే అని నాన్న చెప్పారు. సాల మీద పాదు ఉండేది అక్కా, బూడిద గుమ్మడి, ఆకులు ఎలాగో తప్పకుండా రాయండి.

రెండు సందేహాలు. వసారా పెంకు మీద ఆ నిలువు గాళ్ళు ఎలా తేవాలి? గూనపెంకులకి ఏ ఎరుపు వెయ్యాలి, రెడాక్సైడు తిన్నగా వేస్తే కొత్త బకెట్టులా ఉంది.

బరంపురం డ్రాయింగు మాస్టారు

గోడ విప్పడానికి వెనకాడలేదు, అందుకు సంతోషం బాబూ.

బెంగుళూరు పెంకుకి మిఠాయి డబ్బా అట్ట 17 కి 10 మి.మీ. ముక్కలు కొయ్యి. అట్టని తడిగుడ్డలో పది నిమిషాలు చుట్టి ఉంచి, పాత చెప్పు రబ్బరు మీద పెట్టి, ఎండిపోయిన రీఫిల్లుతో నిలువుగా రెండు గాళ్ళు గట్టిగా నొక్కు, ఇవతలి పక్క గాడి అవతలి పక్క గట్టులా లేస్తుంది. మొదట పది వంకరగా వస్తాయి, తర్వాత చెయ్యి అలవాటు పడుతుంది. అట్ట వంకర తిరిగిందని మొదట్లో చెప్పావు కదా, ఒక పక్కే తడి రంగు వేస్తే ఆ పక్క ఉబ్బి ఆరేటప్పుడు లాక్కుంటుంది, అందుకని కప్పు కింద పలకకి రెండు వైపులా ఒకేసారి పల్చటి ఫెవికాల్ పూత పూసి బరువు పెట్టి ఆరనిస్తే వానాకాలంలో కూడా కదలదు.

పెంకులు అతికించాక రంగు వెయ్యకు, ముందే వేసెయ్యి. మూడు గిన్నెలు పెట్టుకో. ఒకదాంట్లో రెడాక్సైడు, కొంచెం తెలుపు, రెండోదాంట్లో రెడాక్సైడు, మసి, మూడోదాంట్లో రెడాక్సైడు, కాస్త పసుపుపచ్చ పెయింటు. పెంకులు మూడు కుప్పలు చేసి, సగం పైన మొదటి గిన్నెలో, మిగతావి రెండింట్లో వేసి తీసి జల్లెడలో ఆరబెట్టి, అన్నీ ఒక సంచిలో కలిపి చూడకుండా చేతికొచ్చింది తీసి అతికించు. అప్పుడు రంగు ఎక్కడా ముద్దగా ఉండదు. అన్నీ అయ్యాక మసి కలిపిన నీళ్ళు పల్చగా కొప్పు నుంచి చూరుకి జారవిడువు, వాన నీరు ఎటు పోతుందో మరక అటే పోవాలి.

మీ అమ్మగారిని ఒకటి అడుగు, వంటిల్లు ఏ మూల ఉండేదని.

కాశీనగరం మనవడు

అడిగాను మాస్టారూ. తూర్పు వైపు మూలే, కట్టెల పొయ్యి. ఆ పైన పెంకులు లోపలి నుంచే నల్లగా ఉండేవట, ఎండాకాలం సర్దేటప్పుడు ఆ మూలవి ముట్టుకుంటే చేతులు మసయ్యేవని చెప్పింది. ఇంకోటి కూడా చెప్పింది, నాకు తెలీదు అది. ఒక ఏడు కోతులు దూకి చూరు దగ్గర మూడు నాలుగు వరసలు పగలగొడితే తాతగారు సంతలో కొత్త పెంకులు తెచ్చి వేయించారట, అవి వేరే కుమ్మరివి, కొంచెం పొడుగు, మిగతా కప్పు అంతా నలుపెక్కినా ఆ ముక్క ఒక్కటి ఎర్రగానే ఉండేదట, మామ్మ రోజూ తులసికోట దగ్గర నుంచి అది చూసి ఎంత డబ్బు పోసాం అనేదట. మళ్ళీ ఫోటో తీసి చూశాను. నలుపు తెలుపు ఫోటో కదా, అక్కడ నిజంగానే ఒక లేత రంగు ముక్క కనపడుతోంది, ఇన్నాళ్ళూ అది ఫోటో మరకనుకున్నాను.

ఆ ముక్కకి నలభై పెంకులు పది మి.మీ. పైన పొడవు పెట్టి విడిగా చేశాను, మూడో గిన్నె రంగు. చూరు మొదటి వరస రాత్రి అయింది, పైవి కిందివి కలిపి ఎనభై నాలుగు. అక్కా, గుమ్మడి ఆకుల సంగతి ఆదివారంలోగా రాస్తే సాల కప్పు ఆ రోజే మొదలెడతాను.

రాయగడ అక్క

ఆదివారం దాకా ఎందుకు, ఇప్పుడే రాస్తున్నా. మందుల షాపు వాళ్ళిచ్చే పల్చటి కాగితం కవర్లుంటాయి, అవి రెండు వైపులా ఆకుపచ్చ వేసి ఆరాక వేళ్ళతో బాగా నలిపి మళ్ళీ విప్పు. బూడిద గుమ్మడి ఆకు అరచెయ్యంత పైన ఉంటుంది, నీకు 8 నుంచి 10 మి.మీ. గుండ్రంగా కోసి తొడిమ దగ్గర చిన్న చీలిక పెట్టు, ఆ చీలిక రెండు అంచులూ ఒకదాని మీద ఒకటి అతికిస్తే ఆకు దొప్పలా లేస్తుంది. తీగకి గోనె దారం ఫెవికాల్‌లో తడిపి సాల స్తంభం పక్క నుంచి పైకి పాకించు. కాయలకి మిరియాల కన్నా పెద్దవి కావాలి, శనగగింజలు సరిగ్గా సరిపోతాయి, లేత ఆకుపచ్చ వేసి పైన కొంచెం సుద్దపొడి అద్దు, బూడిద పట్టినట్టు వస్తుంది. మూడుకి మించి పెట్టకు తమ్ముడూ, ఆ గడ్డి మోయలేదు.